లియర్ రాజు విషాదానికి ముగింపులు: వ్యాఖ్యానం, రూపాంతరం, కాపరి బాధ్యత

1. ఉపోద్ఘాతం

ఆస్తి పంపకం జరిగిన ఇంటికి ప్రార్థన చేయడానికి వెళ్లని కాపరి మన సంఘాలలో అరుదు. పొలమూ ఇల్లూ పిల్లల పేర రాసి ఇచ్చిన రోజున కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తాం. కొన్నేళ్ల తరువాత అదే తండ్రి కొడుకు ఇంటి వసారాలో మంచం మీద కూర్చుని, "కూతురి ఇంటికి పొమ్మంటున్నారయ్యగారూ" అని చెప్పినప్పుడు మాట తోచక నిలబడతాం. ఇటువంటి సందర్భాన్ని ప్రసంగంలో ప్రస్తావించవలసి వచ్చినప్పుడు, లేదా యువజనుల చేత నాటికగా వేయించాలనుకున్నప్పుడు జ్ఞాపకం వచ్చే కథ విలియం షేక్స్‌పియర్ రచించిన 'కింగ్ లియర్'. తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసిన పిల్లలకు పట్టే గతి అనే నీతిని దాని నుండి తీసి చెప్పి ముగించడం సులభం.

అయితే ఆ నీతితో నాటకం ముగియదు. నిర్దోషియైన చిన్న కుమార్తె శవాన్ని తండ్రి చేతులమీద మోసుకొని రావడంతో ముగుస్తుంది. ఈ ముగింపును ఏమి చేసుకోవాలన్నది 400 ఏళ్లుగా వ్యాఖ్యాతలను, నటులను, రూపాంతరకర్తలను వేధించిన ప్రశ్న. ఈ నాటకాన్ని క్రైస్తవ విశ్వాసంతో ఎలా చదవాలి, దానిని మార్చి రాసినవారు ఏమి పొందారు, ఏమి పోగొట్టుకున్నారు, వారి అనుభవం నుండి కాపరి ఏమి నేర్చుకోవాలి అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

2. మూలకథ, రెండు ప్రతులు

లియర్ కథ షేక్స్‌పియర్ కల్పించినది కాదు. 12వ శతాబ్దపు మన్మత్ వాసి జెఫ్రీ రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో, ఆ తరువాత హాలిన్‌షెడ్ సంకలనంలో ఈ కథ ఉంది. 1605లో అచ్చయిన అజ్ఞాత రచయిత నాటకం ఒకటి ఇదే కథను బాహాటంగా క్రైస్తవ వాతావరణంలో నడిపించింది. వీటన్నిటిలోనూ రాజు తిరిగి సింహాసనం ఎక్కుతాడు, చిన్న కుమార్తె తండ్రి బ్రతికి ఉండగా చనిపోదు. షేక్స్‌పియర్ రెండు పనులు చేశాడు. కథను క్రీస్తుకు పూర్వపు అన్యదేవతల లోకానికి మార్చి, అందులోని క్రైస్తవ సంభాషణను తొలగించాడు. చిన్న కుమార్తె కార్డీలియాను తండ్రికంటె ముందు చంపించాడు. నాటకం 1606 డిసెంబరు 26న, అనగా హతసాక్షి స్తెఫను దినాన, జేమ్స్ రాజు ఎదుట ప్రదర్శింపబడినట్లు దాఖలా ఉంది. కథ ఎలా ముగియాలో ముందే తెలిసిన ప్రేక్షకులకు ఆ ముగింపు ఎంతటి దెబ్బగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

వేదాంత విద్యార్థులకు మరొక విషయం ఆసక్తి కలిగించాలి. ఈ నాటకానికి రెండు ముఖ్య ప్రతులు ఉన్నాయి: 1608 నాటి క్వార్టో, 1623 నాటి ఫోలియో. పిచ్చెక్కిన లియర్ తన కుమార్తెలను ఊహాన్యాయస్థానంలో విచారించే ఘట్టం మొదటిదానిలో ఉంది, రెండవదానిలో లేదు. చనిపోయిన కార్డీలియా పెదవులను చూడమని చెబుతూ, ఆమె ఊపిరి తీస్తున్నదని తలచినట్లుగా లియర్ ప్రాణం విడవడం ఫోలియోలో మాత్రమే ఉంది. చివరి పలుకులు ఒక ప్రతిలో ఆల్బనీవి, మరొక ప్రతిలో ఎడ్గర్‌వి. ప్రాచీన ప్రతుల భేదాలను పరిశీలించడం మనకు కొత్త కాదు. లియర్ ఆశతో చనిపోయాడా, భ్రమతో చనిపోయాడా అనే వివాదంలో వ్యాఖ్యాత ఏ ప్రతిని చదువుతున్నాడో ముందు అడగడం అవసరం.

3. ప్రేమకు కొలబద్ద

80 ఏళ్లు దాటిన రాజు రాజ్యాన్ని ముగ్గురు కుమార్తెలకు పంచుతూ, తనను ఎవరు ఎక్కువగా ప్రేమిస్తున్నారో చెప్పమంటాడు. గొనెరిల్, రీగన్ అతిశయోక్తులు పలికి భాగాలు పొందుతారు. కార్డీలియా చెప్పడానికేమీ లేదంటుంది. కుమార్తెగా తనకున్న బంధం ఎంతో అంతే ప్రేమ అంటుంది. పైగా, తనకు పెళ్లయితే ఆ ప్రేమలో సగం భర్తకు చెందుతుందని జ్ఞాపకం చేస్తుంది. తండ్రి ఆమెను వెలివేస్తాడు.

ఇక్కడ మనం తరచుగా చూడని విషయం ఒకటుంది. తప్పు మొదట పిల్లలది కాదు, తండ్రి ప్రశ్నది. ప్రేమను మాటలతో తూచి దానికి భూమిని వెలగా కట్టాడు. ఈ లెక్క అతనిని చివరి వరకు వెంటాడుతుంది. తనకోసం అట్టిపెట్టుకొన్న 100 మంది రౌతులను కుమార్తెలు 50కి, తరువాత 25కి తగ్గించమన్నప్పుడు, 50 మందిని ఒప్పుకొన్నదానికి ప్రేమ రెండింతలు ఉన్నదని లియర్ లెక్కవేస్తాడు. చివరికి ఒక్కరైనా ఎందుకని అడుగుతారు. తాను నేర్పిన గణితమే తనకు తిరిగి వచ్చింది. యాకోబు యోసేపును మిగిలిన కుమారులకంటె ఎక్కువగా ప్రేమించిన ఇంట్లో (ఆది 37:3-4) ఏమి మొలిచిందో మనకు తెలుసు. లియర్ చిన్నదానినే ఎప్పుడూ ఎక్కువగా ప్రేమించేవాడని గొనెరిల్ మొదటి రంగంలోనే అంటుంది. ఆమె దుర్మార్గురాలు కావచ్చు, ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

ఈ ఘట్టాన్ని తెలుగువారు ఎలా మార్చుకొన్నారో చూడడం ఉపయోగకరం. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1949లో వచ్చిన 'గుణసుందరి కథ'కు పింగళి నాగేంద్రరావు రచన చేశారు. లియర్ కథ ఛాయ అందులో స్పష్టంగా ఉంది. ఇద్దరు అక్కలు తండ్రిని పొగుడుతారు. గుణసుందరి మాత్రం స్త్రీకి భర్తే ప్రధానమంటుంది. కోపించిన తండ్రి ఆమెను ఒక అంగవికలునికి కట్టబెడతాడు. అటుపై కథ జానపద బాట పట్టి, శివపార్వతుల అనుగ్రహంతో శుభంగా ముగుస్తుంది. షేక్స్‌పియర్ కార్డీలియా భర్తకు సగం ప్రేమ ఇస్తానంది. మన గుణసుందరి ఆ సగాన్ని పూర్తి చేసింది. ఒక్క వాక్యం పాతివ్రత్య ధర్మంగా పెరిగి కథకు ఇరుసయింది. దీనిని లోపమని మేము అనము. రూపాంతరకర్త తన ప్రజలకు అర్థమయ్యే ధర్మాన్ని వెదికాడు. కాని కార్డీలియా మాటలో ఉన్న హద్దు, అనగా ఏ మనుష్యునికీ సంపూర్ణ ప్రేమను అర్పించలేమన్న సత్యం, ఈ మార్పులో పోయింది. తండ్రిని తల్లిని విడిచి భార్యను హత్తుకొనడాన్ని గూర్చి చెప్పే ఆది 2:24ను వివాహాలలో చదివే మనం ఆ హద్దును గుర్తించాలి. తండ్రికైనా భర్తకైనా దేవునికి చెందిన స్థానాన్ని ఇవ్వలేం.

4. రెండు వాడుక వ్యాఖ్యానాలు

మొదటిది కృతఘ్నతను గూర్చిన నీతి. ఇది నాటకంలో ఉన్నదే. గొనెరిల్, రీగన్ తుఫాను రాత్రి తండ్రికి తలుపు మూస్తారు. గ్లోస్టర్ ప్రభువు కుమారుడు ఎడ్మండ్ అన్నను మోసగించి, తండ్రిని శత్రువులకు పట్టిస్తాడు, వారు ఆ తండ్రి కళ్లు పెరికివేస్తారు. ఐదవ ఆజ్ఞను మీరినవారికి ఇంతకంటె భయంకరమైన చిత్రం దొరకదు. అయినా ఈ నీతి ఒక్కటే చెబితే తండ్రులు సమాధానంగా ఇంటికి వెళ్లిపోతారు. నాటకం వారిని అలా వెళ్లనివ్వదు. తుఫానులో నిలబడ్డ లియర్ ఇల్లూ బట్టా లేని పేదలను తలచుకొని, రాజుగా తాను వారిని ఎంత తక్కువగా పట్టించుకొన్నాడో ఒప్పుకుంటాడు. కళ్లు పోయిన గ్లోస్టర్ కూడా ధనవంతుల మిగులు పేదలకు పంచబడాలంటాడు. కుటుంబ ద్రోహం వారిని తమ గాయం దగ్గరే ఆపలేదు, తాము ఇతరులకు చేసిన ద్రోహాన్ని చూపించింది. మత్తయి 25వ అధ్యాయపు తీర్పును ప్రకటించే బోధకుడు ఈ రంగాన్ని విడిచిపెట్టకూడదు.

రెండవది కార్డీలియాను క్రీస్తు సాదృశ్యంగా చూడడం. దీనికి ఆధారాలు లేకపోలేదు. తండ్రి పని మీద తాను వెళ్తున్నానన్న ఆమె మాట లూకా 2:49ని స్ఫురింపజేస్తుంది. స్వభావాన్ని శాపం నుండి విడిపించే కుమార్తె అని ఒక పాత్ర ఆమెను వర్ణిస్తుంది. అన్నిటికంటె ముఖ్యం నాలుగవ అంకంలోని సమాధానపు ఘట్టం. మేలుకొన్న లియర్ ఆమె ఎదుట మోకరిల్లబోతాడు. తనను ద్వేషించడానికి ఆమెకు కారణం ఉన్నదంటాడు. కారణమే లేదని ఆమె జవాబిస్తుంది. వాస్తవంగా కారణం ఉంది. ప్రేమ అపకారాన్ని లెక్కలో ఉంచుకోదని అపొస్తలుడు బోధించినది (1 కొరింథీ 13:5) ఇక్కడ రక్తమాంసాలతో కనబడుతుంది. మొదటి రంగంలో తండ్రి తూచిన ప్రేమకు ఇది జవాబు. ఆమె ఆ లెక్కల పుస్తకాన్నే మూసివేసింది.

అయితే సాదృశ్యాన్ని ఇంతకంటె సాగదీయడం ప్రమాదం. కార్డీలియా మరణం ఎవరి పాపానికీ ప్రాయశ్చిత్తం కాదు. ఎడ్మండ్ పంపిన ఆజ్ఞను రద్దు చేయడంలో జరిగిన ఆలస్యం వల్ల ఆమె ఉరితీయబడింది. మూడవ దినం రాదు. ఆమెను క్రీస్తుగా చేస్తే ఆమె చావును సమర్థించినట్లవుతుంది, క్రీస్తు మరణాన్ని తగ్గించినట్లూ అవుతుంది. ఆమె క్షమాపణ క్రీస్తు క్షమాపణను పోలి ఉన్నదనడం వరకు సరిపోతుంది.

5. ఎడ్గర్ చేయించిన అద్భుతం

బోధకులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన రంగం మరొకటి ఉంది. ఆత్మహత్య తలపెట్టిన గుడ్డి గ్లోస్టర్‌ను మారువేషంలో ఉన్న కుమారుడు ఎడ్గర్ డోవర్ కొండ అంచుకు తీసుకువెళ్తున్నానని నమ్మిస్తాడు. నిజానికి అది చదునైన నేల. తండ్రి దూకినట్లు ముందుకు పడతాడు. అప్పుడు ఎడ్గర్ గొంతు మార్చి, అంత ఎత్తు నుండి పడినా బ్రతకడం అద్భుతమని, పైన అతనితో ఉన్నది దయ్యమని, దేవతలే కాపాడారని చెబుతాడు. గ్లోస్టర్ నమ్మి బ్రతకడానికి ఒప్పుకుంటాడు.

ఉద్దేశం మంచిదే. ప్రాణం నిలిచింది. కాని షేక్స్‌పియర్ ఈ పాత్రకు పెట్టిన దయ్యాల పేర్లు ఎక్కడివో తెలిస్తే ఈ రంగం మరోలా కనిపిస్తుంది. నకిలీ దయ్యాల వెళ్లగొట్టుడును బయటపెడుతూ శామ్యూల్ హార్స్‌నెట్ 1603లో ప్రకటించిన గ్రంథం నుండి అవి తీసుకోబడ్డాయి. అనగా కల్పిత అద్భుతాలను గూర్చిన వివాదం రచయిత మనసులో ఉంది. ఎడ్గర్ కల్పించిన సాక్ష్యం వెల కూడా నాటకం చెబుతుంది. తానెవరో చివరి వరకు దాచడం తప్పని అతడే ఒప్పుకుంటాడు. నిజం చెప్పిన వెంటనే తండ్రి గుండె సంతోషానికీ దుఃఖానికీ మధ్య పగిలిపోతుంది. విశ్వాసుల ధైర్యంకోసం సాక్ష్యాలను కొంచెం పెంచి చెప్పే అలవాటు మనలో ఉన్నదని మనం ఎరుగుదుము. అబద్ధంతో నిలబెట్టిన ఆదరణ నిజం ఎదుట ఎంతసేపు నిలుస్తుందో ఈ రంగం అడుగుతోంది.

6. సరిదిద్దబడిన ముగింపు

ఐదవ అంకంలో ఆల్బనీ కార్డీలియాను దేవతలు కాపాడాలని ప్రార్థిస్తాడు. ఆ మాట నోట ఉండగానే లియర్ ఆమె శవంతో ప్రవేశిస్తాడు. రంగస్థల సాహిత్యంలో జవాబు రాని ప్రార్థనను ఇంత కఠినంగా చూపించిన ఘట్టం మరొకటి మాకు తెలియదు.

దీనిని భరించలేక నాహుమ్ టేట్ 1681లో నాటకాన్ని తిరగరాశాడు. అతని కూర్పులో విదూషకుడు లేడు, లియర్ బ్రతుకుతాడు, కార్డీలియా ఎడ్గర్‌ను పెళ్లాడుతుంది. సుమారు 150 ఏళ్లు ఇంగ్లండు రంగస్థలం మీద టేట్ కూర్పే రాజ్యమేలింది. 1823లో ఎడ్మండ్ కీన్ విషాదాంతాన్ని తిరిగి తెచ్చాడు. 1838లో మెక్‌రెడీ షేక్స్‌పియర్ పాఠాన్ని, విదూషకుడిని పునరుద్ధరించాడు. భక్తుడైన శామ్యూల్ జాన్సన్ తన 1765 సంకలనంలో, కార్డీలియా మరణం తనను ఎంత కలచివేసిందంటే సంపాదకుడిగా దిద్దవలసి వచ్చే వరకు ఆ చివరి రంగాలను మళ్లీ చదవలేకపోయానని ఒప్పుకొన్నాడు. జాన్సన్ మాటలోని నిజాయితీని గౌరవించాలి. టేట్‌ను కూడా హేళన చేయనవసరం లేదు. న్యాయం జరగాలని కోరడం తప్పు కాదు.

సువార్తలను చదివేవారికి ఇటువంటి ఒత్తిడి పరిచితమే. మార్కు సువార్త 16:8 వద్ద స్త్రీలు భయపడి మౌనంగా పారిపోవడంతో అతి ప్రాచీన ప్రతులు కొన్ని ముగుస్తాయి. 9 నుండి 20 వరకు ఉన్న వచనాలు వాటిలో లేవు. భయంతో, మౌనంతో ముగిసే గ్రంథాన్ని చదువరులు అలాగే ఉంచడం కష్టం. ఈ పోలికకు హద్దు ఉన్నదని కూడా చెప్పాలి. మార్కులో 16:6లోనే ఆయన లేచెనన్న వార్త ప్రకటింపబడింది, మౌనం ఆ వార్త తరువాతిది. లియర్ నాటకంలో ఆ వార్త లేదు. అందుకే దానిని బలవంతంగా సువార్తగా మార్చకూడదు. శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య ఉన్న శనివారాన్ని అది మనకు జ్ఞాపకం చేస్తుంది.

క్రైస్తవ నిరీక్షణ ఉన్నచోట నిజమైన విషాద నాటకానికి చోటు లేదని జార్జ్ స్టైనర్ 1961లో వాదించాడు. యోబుకు పోయినవన్నీ తిరిగి వచ్చాయి కదా అన్నది అటువంటి వాదానికి ఒక ఆధారం. మేము ఒక విషయం గుర్తుచేయదలచాము. యోబు 42వ అధ్యాయంలో పదిమంది బిడ్డలు కొత్తగా పుట్టారు, మొదటి పదిమంది తిరిగి రాలేదు. పునరుత్థానుడైన ప్రభువు చేతులలో గాయాలు అలాగే ఉన్నాయి (యోహాను 20:27). మన నిరీక్షణ జరిగినదానిని జరగనట్లు చేయదు. కనుక విశ్వాసి విషాదాన్ని కళ్లు తెరచి చూడగలడు.

7. తండ్రి గతాన్ని తవ్విన రూపాంతరాలు

20వ శతాబ్దపు రెండు రూపాంతరాలు టేట్ దారికి ఎదురు నడిచాయి. అకిరా కురొసావా 1985 చిత్రం 'రాన్'లో కుమార్తెలకు బదులు ముగ్గురు కుమారులు. ముసలి ప్రభువు హిదెతోరా ఇతరుల కోటలు తగలబెట్టి, వంశాలను హతమార్చి రాజ్యం కట్టినవాడు. అలా తనవారిని పోగొట్టుకొన్న పెద్దకోడలు కయెదె పగ తీర్చుకుంటుంది. మరొక కోడలు సూయె క్షమిస్తుంది. ఇద్దరూ చనిపోతారు. అంధుడైన సూయె తమ్ముడు శిథిల కోట అంచున, చేతిలోని బుద్ధుని పటం జారిపోగా, ఒంటరిగా నిలబడడంతో చిత్రం ముగుస్తుంది.

జేన్ స్మైలీ నవల 'ఎ థౌజండ్ ఏకర్స్' 1991లో వెలువడి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందింది. కథ అమెరికాలోని అయోవా వ్యవసాయ కుటుంబంలో జరుగుతుంది, పెద్ద కుమార్తె నోట చెప్పబడుతుంది. ఆ తండ్రి కుమార్తెలను చిన్నతనంలో లైంగికంగా హింసించినవాడని మెల్లగా బయటపడుతుంది. ఊరంతా గౌరవించే పెద్దమనిషి ఇంటిలో ఏమి చేశాడో ఎవరికీ తెలియదు.

ఇది మూలానికి ద్రోహమని కొందరు అనవచ్చు. షేక్స్‌పియర్ లియర్ మీద అటువంటి నేరం మోపలేదన్నది నిజమే. అయినా ఈ నవల కాపరిని ఒక తప్పనిసరి ప్రశ్న అడుగుతుంది. తండ్రిపై అలిగి దూరమైన కుమార్తెకు ఐదవ ఆజ్ఞ చదివి వినిపించే ముందు, ఆమె ఎందుకు దూరమైందో మనం విన్నామా? ఎఫెసీ 6:1-3ను బోధించి, పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులను హెచ్చరించే 6:4 దగ్గర ఆగిపోతున్నామా?

8. బోధకులకు, నాటిక రాసేవారికి

పై పరిశీలన నుండి కొన్ని సూచనలు చేయదలచాము. మొదటిది, ఈ కథను చెబితే తండ్రి ప్రశ్న నుండి మొదలుపెట్టాలి, తలుపు మూసిన కుమార్తెల నుండి కాదు. లూకా 15లో తండ్రి కూడా బ్రతికుండగానే ఆస్తి పంచాడు. కాని ఆయన ప్రేమకు వెల అడగలేదు, తిరిగి వచ్చినవానిని లెక్క అడగలేదు. రెండు పంపకాలనూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

రెండవది, నాటికగా కుదించినప్పుడు సమాధానపు రంగాన్ని చివరికి జరిపి ముగించాలనే శోధన వస్తుంది. అలా చేస్తే టేట్ చేసినదే మనమూ చేస్తాం. చివరి రంగాన్ని ఉంచి, దాని తరువాత వెంటనే సందేశం ఇవ్వకుండా కొంతసేపు మౌనం పాటించడం మంచిదని మా అభిప్రాయం. చివరి పలుకుల సారాంశం కూడా అదే: చెప్పవలసిన మాటకంటె మనసులో ఉన్న మాట పలకవలసిన సమయం ఇది. మొదటి రంగంలో చెప్పవలసిన మాటలే చెప్పించుకొని లియర్ నాశనమయ్యాడని మరువకూడదు.

మూడవది, ఆత్మీయ ఆదరణతోపాటు లోక వివేకం కూడా కావాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్, పోషణ చూడాలన్న షరతుతో ఆస్తి రాసి ఇచ్చి, ఆ షరతు నెరవేరకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించే వీలు కల్పిస్తుంది. దస్తావేజు రాసే ముందే ఆ షరతును అందులో స్పష్టంగా చేర్చుకోవాలని సలహా చెప్పడం అవిశ్వాసం కాదు. లియర్ మాటల మీద రాజ్యం ఇచ్చాడు. ప్రార్థనకు పిలువబడిన కాపరి ఆ రోజున ఈ ఒక్క సంగతి చెప్పినా ఒక వృద్ధునికి తలుపు తెరచి ఉంచినవాడవుతాడు.

9. ముగింపు

లియర్ నాటకం ఓదార్పు ఇవ్వదు. ఓదార్పు పేరుతో మనం ఏమేమి దాచిపెడతామో చూపిస్తుంది: తండ్రి దోషాన్ని, పెంచి చెప్పిన సాక్ష్యాన్ని, జవాబు రాని ప్రార్థనను. ఈ మూడింటినీ దాచకుండా సంఘం ఎదుట పెట్టగలిగిన బోధకుడు పునరుత్థానాన్ని ప్రకటించినప్పుడు ఆ మాటకు బరువు ఉంటుంది. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటికి వెళ్లినప్పుడు మనం కార్డీలియాను మోసుకువచ్చిన తండ్రి ఎదుట నిలబడి ఉన్నాం. అక్కడ మొదట చేయవలసినది వివరణ ఇవ్వడం కాదు. యోబు స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు దినాలు చేసినట్టు (యోబు 2:13), నేలమీద ఆయన ప్రక్కన కూర్చోవడమే.